రౌల్ సెయ్‌షస్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి, ఎలా వాయించాలి

#1 తీగ_నాలుగు

బ్రెజిల్ రాక్ మీద గంట కార్యక్రమం చేస్తున్నాం. రౌల్ సెయ్‌షస్ ఒక్కడినే తీసుకుందామని అనుకున్నాం. మూడు విషయాలు తెలిసినవాళ్లు చెప్పండి. ఒకటి, ఆయన సంగీత జీవితం వరుసగా, సంవత్సరాలతో. రెండు, 1974లో వచ్చిన 'గీతా' పాటకీ మన భగవద్గీతకీ ఉన్న సంబంధం పేరు వరకేనా, లోపల కూడా ఉందా? మూడు, ఆయన పాటల్లో రాక్‌తో కలిసే ఆ ఈశాన్య బ్రెజిల్ దరువును గిటార్, బేస్, డ్రమ్స్ మీద ఎలా పట్టుకోవాలి?

#2 సంగీత_రైలు

మొదటి దానికి నేను చెబుతాను.

రౌల్ 1945 జూన్ 28న సాల్వడార్‌లో పుట్టాడు. అది బాహియా రాష్ట్ర రాజధాని. తండ్రిది రైల్వేలో ఇంజినీరు ఉద్యోగం. ఆయనతో పాటు లోపలి ఊళ్లకు వెళ్లినప్పుడు ఆశువుగా పాడే జానపద గాయకుల పాటలు, లూయీజ్ గొంజాగా అకార్డియన్ పాటలు పిల్లవాడి చెవిన పడ్డాయి. ఇంటికి దగ్గర్లోనే అమెరికన్ కాన్సులేట్ ఉండేది. అక్కడి పిల్లల దగ్గర ఎల్విస్ ప్రెస్లీ, లిటిల్ రిచర్డ్, చక్ బెర్రీ రికార్డులు దొరికాయి. ఈ రెండు సంగీతాలూ ఒకే ఇంట్లోకి ఒకే కాలంలో వచ్చాయి. తర్వాత ఆయన చేసిన పని ఏ పాటలో చూసినా దీని జాడ కనబడుతుంది.

1959లో వాల్దీర్ సెహావ్ అనే మిత్రుడితో కలిసి 'ఎల్విస్ రాక్ క్లబ్' పెట్టాడు. తర్వాత కట్టిన బ్యాండు చివరికి 'ఓస్ పంతేరాస్' పేరుతో నిలబడింది. అప్పటికే పేరున్న గాయకుడు జెర్రీ అద్రియానీ వీళ్లను రియోకు రమ్మన్నాడు. 1968లో ఒడియోన్ కంపెనీ 'రౌల్జీటో ఇ ఓస్ పంతేరాస్' రికార్డు వేసింది. అమ్ముడుపోలేదు. అందరూ సాల్వడార్ తిరిగొచ్చేశారు.

ఇక్కడ చాలామంది దాటేసే భాగం ఒకటుంది. 1970 ప్రాంతంలో రౌల్ మళ్లీ రియో వెళ్లింది గాయకుడిగా కాదు, సీబీఎస్ కంపెనీలో నిర్మాతగా. జెర్రీ అద్రియానీ లాంటివాళ్లకు పాటలు రాసి, రికార్డింగులు నడిపించాడు. మూడు నిమిషాల్లో పల్లవి జనం నోట్లో పడేలా ఎలా కట్టాలో అక్కడే చేతికొచ్చింది. ఆయన వింత ఆలోచనలన్నీ అంత సులువుగా పాడుకునే పాటలుగా ఎందుకు వచ్చాయి అంటే, నా లెక్కలో ఆ ఆఫీసు పనే కారణం.

1971లో సెర్జియో సాంపాయో, మిరియాం బతుకాదా, ఎదీ స్టార్‌లతో కలిసి 'సెసావ్ దాస్ దెస్' అనే అల్లరి ఆల్బం చేశాడు. 1972లో ఏడో అంతర్జాతీయ పాటల పోటీకి (అక్కడ దాన్ని 'ఫిక్' అంటారు) రెండు పాటలు పంపితే రెండూ ఎంపికయ్యాయి. అందులో ఆయనే పాడింది 'లెట్ మి సింగ్, లెట్ మి సింగ్'. అది రాక్‌నూ, బయావ్ అనే ఈశాన్య దరువునూ కలిపిన పాట. దాంతో ఫిలిప్స్ కంపెనీ పిలిచి ఒప్పందం రాసుకుంది. 1973లో 'క్రిగ్-హా, బందోలో!' వచ్చింది. మిగతాది తర్వాత రాస్తాను.

#3 కొత్త_చెవి

అన్నా, ఒక సందేహం. 'క్రిగ్-హా' కంటే ముందే 1973లో పాత ఇంగ్లీషు రాక్ పాటల రికార్డు ఒకటి ఉందంటారు. దాన్ని ఆయన మొదటి సోలో అనుకోవచ్చా?

#4 నల్లపళ్లెం

వద్దు. అది 'ఓస్ 24 మాయోరెస్ సుసేసోస్ ద ఎరా దు రాక్'. పాత హిట్లను రౌల్ పాడిన మాట నిజమే. కానీ అట్ట మీద ఆయన పేరు లేదు, 'రాక్ జెనరేషన్' అని ఉంది. 'క్రిగ్-హా', 'గీతా' ఆడాక 1975లో అదే సరుకును '20 ఆనోస్ జి రాక్' అని, ఈసారి రౌల్ పేరుతో వేశారు. ఆన్‌లైన్ జాబితాల్లో ఒకటే రికార్డు రెండు పేర్లతో, రెండు సంవత్సరాలతో కనబడటానికి ఇదే కారణం. రెండూ కొని మోసపోయామనుకోకండి. సోలో ప్రయాణం 'క్రిగ్-హా'తో మొదలైందని రాసుకోండి.

వినే వరుస అడిగేవాళ్లకు నా సలహా: ముందు 'బెస్ట్ ఆఫ్' సంకలనాల జోలికి పోవద్దు. ఆయన మీద సంకలనాలు లెక్కలేనన్ని వచ్చాయి. వేర్వేరు కంపెనీల పాటలు కలవవు కాబట్టి ఒక్కో సంకలనంలో ఒక్కో కాలమే ఉంటుంది. ఫిలిప్స్ నాలుగు ఆల్బంలు వరుసగా వినండి: 1973 'క్రిగ్-హా, బందోలో!', 1974 'గీతా', 1975 'నోవో ఎయోన్', 1976 'ఆ 10 మిల్ ఆనోస్ అత్రాస్'. మొదటిది అరగంటకు మించదు, ఒక్క బిగిన అయిపోతుంది. ఆ తర్వాత 1977 ఆల్బంలో 'మలూకు బెలేజా', 1980 'అబ్రి-చి సేజమో'లో 'అలూగా-సి', 1987లో 'కౌబాయ్ ఫోరా ద లేయ్', చివరగా 1989 'ఆ పనేలా దు జియాబు'.

#5 తీగ_నాలుగు

చాలా ఉపయోగం. 'క్రిగ్-హా'లో ఏ పాటలు దగ్గరగా వినాలి?

#6 సంగీత_రైలు

మూడు. 'మోస్కా నా సోపా', 'మెటామోర్ఫోజి అంబులాంచి', 'ఓరు జి టోలు'.

'మోస్కా నా సోపా' సూపులో పడి విసిగించే ఈగ తన గురించి తాను చెప్పుకునే పాట. మొదట కపోయిరా (బ్రెజిల్ పోరాట నృత్యం) పద్ధతిలో చేతి డోళ్లు, ఒకరు అంటే అందరూ అందుకునే గుంపు గొంతు. తర్వాత ఒక్కసారిగా ఎలక్ట్రిక్ గిటార్లతో రాక్. మళ్లీ డోళ్లు. రెండు ముక్కలనూ మెత్తగా అతకలేదు, పక్కపక్కన పెట్టి వదిలేశాడు. ఈగను చంపినా ఇంకొకటి వస్తుందన్న మాటను సైనిక ప్రభుత్వ కాలంలో జనం ఎలా విన్నారో ఊహించుకోవచ్చు.

'ఓరు జి టోలు' అసలు దెబ్బ. 1973లో బ్రెజిల్ 'ఆర్థిక అద్భుతం' మధ్యలో ఉంది. పాటలో మనిషికి మంచి ఉద్యోగం ఉంది, నెలకు 4000 క్రుజేరోల జీతం ఉంది, కొత్త కార్సెల్ 73 కారు ఉంది, రియోలోని ఇపనేమా పేటలో ఇల్లు ఉంది, ఆదివారం పిల్లల్ని జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్లి కోతులకు పాప్‌కార్న్ పెట్టే తీరిక ఉంది. సంతోషంగా ఉండాలి కదా, కానీ నిరాశగా ఉంది, ఇవన్నీ ఉంటే ఏంటట అని అడుగుతాడు. తిట్టు లేదు, నినాదం లేదు, ప్రభుత్వం అన్న ఊసే లేదు. సెన్సారు వాళ్లకు కొట్టేయడానికి పట్టు దొరకలేదు. పాట బయటికి రాగానే రియోలో రియో బ్రాంకో అవెన్యూలో గిటార్ పట్టుకుని నడిరోడ్డు మీద పాడి, పత్రికలవాళ్లను పిలిపించుకున్నాడు. నిర్మాతగా పనిచేసినవాడికి ప్రచారం ఎలా రాబట్టాలో కూడా తెలుసు.

గొంతు వినండి. ఎక్కడా సాగదీయడు, మాట్లాడినట్టే పాడతాడు. ఒక్కో వాక్యం తాళానికి ముందు పడుతుంది, ఒక్కోటి వెనక. కవర్ చేసేవాళ్లు ఇక్కడే తప్పుతారు. ప్రతి అక్షరాన్నీ దరువు మీద కూర్చోబెడితే పాట జాబితా చదివినట్టు అయిపోతుంది. వాక్యం చివరి మాటను మాత్రం దరువు మీద దింపి, ముందున్న మాటలను వదులుగా పోనివ్వండి.

#7 పదో_అధ్యాయం

రెండో ప్రశ్న నాది. తీగ_నాలుగు గారూ, సంబంధం పేరు దగ్గర ఆగలేదు. 'గీతా' పాటను చేతిలో భగవద్గీత పెట్టుకుని వినాలి. అది కూడా 9, 10 అధ్యాయాల దగ్గర తెరిచి. ఘంటసాల గారి గీత విని పెరిగిన చెవికి ఇది ఇంకా త్వరగా అందుతుంది.

ముందు కట్టడం. 10వ అధ్యాయం విభూతి యోగం. అర్జునుడు 'నీ విభూతులను విస్తరంగా మళ్లీ చెప్పు' అని అడుగుతాడు (10.18), కృష్ణుడు 'నేను ఇది, నేను అది' అని చెప్పుకుంటూ పోతాడు. పాటలోనూ అంతే. లోకం నాలుగు మూలలా వెతికిన మనిషికి చివరికి కలలో 'ఆయన' మాట్లాడాడని ముందు మాటలుగా వస్తుంది. ఆ తర్వాత, ఎందుకింత మౌనంగా ఉంటావని పక్కనున్నవాళ్లు అడిగినట్టు మొదలై, జవాబుగా 'నేను... నేను...' అన్న వరుస.

ఇప్పుడు శ్లోకానికి పాట:

పాటలో 'అ అనే అక్షరానికి నా పేరుంది' అన్న భావం. గీతలో 'అక్షరాణామకారోఽస్మి' (10.33).

పాటలో జూదరి వేసే బూటకపు ఎత్తు నేనే అంటాడు. గీతలో 'ద్యూతం ఛలయతామస్మి' (10.36).

పాటలో సొరచేప పన్ను. గీతలో 'ఝషాణాం మకరశ్చాస్మి' (10.31).

పాటలో తల్లి, తండ్రి, తాత ముగ్గురూ ఒకే పాదంలో. గీతలో 'పితాహమస్య జగతో మాతా ధాతా పితామహః' (9.17).

పాటలో 'నీ బలిని నేను'. గీతలో 'అహం క్రతురహం యజ్ఞః' (9.16).

పాటలో సర్వమూ నేనే, శూన్యమూ నేనే. గీతలో 'సదసచ్చాహమర్జున' (9.19).

పాటలో తలారి చెయ్యి, ఇంకా పుట్టని బిడ్డ. గీతలో 'మృత్యుః సర్వహరశ్చాహముద్భవశ్చ భవిష్యతామ్' (10.34). ఒకే శ్లోకార్ధంలో చావూ పుట్టబోయేదీ రెండూ ఉన్నాయి చూడండి.

ఇక చివరి పాదం. మొదలు, చివర, మధ్య అన్న వరుసలో ముగుస్తుంది. చాలామంది 10.20 చూపిస్తారు. కానీ 10.20లో వరుస ఆది, మధ్యం, అంతం. పాటలో ఉన్న వరుస సరిగ్గా 10.32లో ఉంది: 'సర్గాణామాదిరంతశ్చ మధ్యం చైవాహమర్జున'. ఆది, అంతం, ఆ తర్వాత మధ్యం. కార్యక్రమంలో చదవాల్సిన శ్లోకం ఇదీ.

#8 కొత్త_చెవి

ఒళ్లు గగుర్పొడిచింది గురువు గారూ. మరి తేడా ఏమీ లేదా? ఉత్త అనువాదమేనా?

#9 పదో_అధ్యాయం

తేడా ఉంది, ఆ తేడాలోనే రౌల్ కనబడతాడు. గీతలో ఎక్కువ భాగం ప్రతి జాతిలోనూ శ్రేష్ఠమైనది నేను అని చెబుతుంది: పర్వతాల్లో మేరువు, నదుల్లో జాహ్నవి, వృక్షాల్లో అశ్వత్థం. పాటలో ఆ మెట్లు తీసేశారు. సూపులో ఈగ నేను, సూపర్ బజారులో సరుకులు కొనే గృహిణి నేను, ఎదురు దారిలో రావద్దని పెట్టిన ట్రాఫిక్ బోర్డు నేను, బలహీనుడి భయం నేను. 1974 నాటి నగరం మొత్తాన్ని విభూతి యోగంలోకి తెచ్చి కూర్చోబెట్టారు. ఈగ అయితే ముందటేడు ఆయన పాటలోంచే ఎగిరొచ్చింది.

అయినా గీతకు దూరం పోలేదు. పోటీలో మోసం చేసేవాళ్ల జూదాన్ని కూడా కృష్ణుడు తనలో కలుపుకున్నాడు కదా. ఆ ఒక్క సందును పట్టుకుని తలుపు మొత్తం తెరిచారని నేను చదువుకుంటాను. 'పెంకుల్లో కప్పును నేను' అన్న వాక్యం మాత్రం 'నక్షత్రాణామహం శశీ' ఉన్న పద్ధతిలోనే నడుస్తుంది. పాత కట్టడం తెలిసి రాసిన చెయ్యే అది.

#10 నల్లపళ్లెం

ఆ చెయ్యి పాలో కొయెలోది అనుకుంటారు అందరూ. నవలా రచయితగా ఆయనకు తర్వాత వచ్చిన పేరు వల్ల రౌల్ పాటలన్నీ ఆయనే రాశాడని మన పత్రికల్లోనూ వస్తుంటుంది. లెక్క సరిచూసుకోండి.

'గీతా', 'సోసియెదాజి ఆల్టెర్నాచీవా', 'అల్ కపోన్' ఇద్దరి పేరు మీద ఉన్నాయి. 'ఓరు జి టోలు', 'మెటామోర్ఫోజి అంబులాంచి', 'మోస్కా నా సోపా' రౌల్ ఒక్కడివే. 'టెంచి ఔట్రా వెస్' (1975) ముగ్గురిది: రౌల్, కొయెలో, మార్సెలో మోటా. 'మలూకు బెలేజా' (1977) క్లాడియో రొబెర్టోతో కలిసి రాసింది, అందులో కొయెలో లేడు.

ఇద్దరికీ పరిచయం ఎలా అయిందంటే, కొయెలో నడుపుతున్న చిన్న పత్రికలో ఎగిరే పళ్లేల మీద వ్యాసం చదివి రౌల్ వెతుక్కుంటూ వెళ్లాడు. అప్పటికి రౌల్ సీబీఎస్‌లో సూటు వేసుకుని పనిచేసే మనిషి, కొయెలో హిప్పీ. పాట పొట్టిగా, సూటిగా, ఎవరైనా పాడుకునేలా ఉండాలని కొయెలోకు నేర్పింది రౌల్.

#11 కాకినాడ_డ్రమ్స్

మూడో ప్రశ్నకు వద్దాం. దరువు పేరు బయావ్. దీన్ని 1940ల్లో రేడియోకు ఎక్కించింది లూయీజ్ గొంజాగా, ఉంబెర్తో తెషేరాతో కలిసి. పెర్నాంబుకో రాష్ట్రంలోని ఎషు గొంజాగా ఊరు. వాయిద్యాలు మూడే: అకార్డియన్, జబూంబా, ట్రయాంగిల్. జబూంబా భుజానికి తగిలించుకునే రెండు ముఖాల డోలు. పై తోలు మీద మెత్తని తల ఉన్న కర్రతో గుమ్మనే దెబ్బ, కింది తోలు మీద సన్నని పుల్లతో టకటక.

ఒక ఆవృత్తాన్ని 8 చిన్న మాత్రలుగా లెక్కపెట్టండి. జబూంబా బరువు దెబ్బలు 1, 4 మీద. ట్రయాంగిల్ ఎనిమిదింటి మీదా మోగుతుంది, కానీ చేతిలో బిగించి పట్టుకుని కొడితే మూసిన శబ్దం. 3, 7 దగ్గర వేళ్లు వదిలితే గణగణమని తెరుచుకుంటుంది.

ఇప్పుడు రాక్ దరువును అవే 8 మాత్రల్లో పెట్టండి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 1, 5 మీద. స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) 3, 7 మీద. చూశారా? స్నేర్ ఎక్కడ పడుతుందో ట్రయాంగిల్ అక్కడే తెరుచుకుంటుంది. రెండు దరువుల్లో ఆ రెండు చోట్లూ ఒకటే. తేడా ఒక్క కిక్ దెబ్బ: 5 మీద ఉన్నదాన్ని 4 మీదికి జరిపితే రాక్ బయావ్ అవుతుంది. ఎల్విస్‌కూ గొంజాగాకూ తేడా లేదన్నట్టు రౌల్ ఒకే ఊపులో 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ'ని 'ఆజా బ్రాంకా'తో కలిపి పాడగలిగింది ఇందుకే.

నోటితో చెప్పుకోవాలంటే:

తాం – కి తాం – – కి –

'తాం' కిక్, 'కి' స్నేర్. ముందు చప్పట్లతో 'కి' రెండూ వేయండి, నోటితో 'తాం'లు. నిలబడ్డాకే డ్రమ్స్ మీద కూర్చోండి.

#12 తీగ_నాలుగు

అద్భుతం అన్నా. కానీ వేగం పెంచగానే దరువు గందరగోళం అవుతోంది. 4వ దెబ్బ ఒక్కోసారి 5 మీదికి జారిపోతోంది.

#13 కాకినాడ_డ్రమ్స్

మూడు చోట్ల చూడు తమ్ముడూ.

మొదటిది, బేస్. డ్రమ్మర్ కిక్‌ను 4కి జరిపినా బేస్ వాయించేవాళ్లు అలవాటు కొద్దీ 5 మీదే ఉండిపోతారు. రెండు దెబ్బలు వెంటవెంటనే పడి బురదలా వినిపిస్తుంది. బేస్‌లో 1 మీద షడ్జమం, 4 మీద పంచమం పెట్టి, 5 రాకముందే ఎడమచేత్తో తీగను నొక్కి ఆపేయాలి. 5 మీద నిశ్శబ్దం ఉండి తీరాలి. ఆ ఖాళీయే దరువును ముందుకు తోస్తుంది.

రెండోది, మెట్రొనోమ్. బయావ్‌ను 2/4లో రాస్తారు, అంటే 8 చిన్న మాత్రలకు రెండే క్లిక్కులు. రాక్ 4/4లో అదే 8 మాత్రలకు నాలుగు క్లిక్కులు. రాక్ లెక్కలో 160 అంటే బయావ్ లెక్కలో 80. బయావ్‌కు కూడా 160 పెడితే రెట్టింపు వేగం అవుతుంది, చేతులు పడిపోతాయి. రెండు క్లిక్కుల లెక్కలో 60తో మొదలుపెట్టి నాలుగేసి చొప్పున పెంచుకుంటూ పో.

మూడోది, ఊపు. పాత రాకెన్‌రోల్‌లో చిన్న మాత్రలను కుంటినడకగా, పొడుగు-పొట్టిగా వాయిస్తారు. బయావ్‌లో అలా కుంటించకూడదు. 'లెట్ మి సింగ్'లో రాక్ భాగం నుంచి బయావ్‌కు మారే చోట బ్యాండులు కూలిపోయేది ఇక్కడే: డ్రమ్మర్ సమంగా మారిపోతాడు, గిటార్ ఇంకా కుంటుతూనే ఉంటుంది. మారడానికి ఒక ఆవృత్తం ముందే గిటార్ సమ మాత్రల్లోకి వచ్చేయాలి.

గిటార్ ఒక్కటే ఉంటే బొటనవేలు లావు తీగ మీద 1, 4. మిగతా వేళ్లు సన్న తీగల మీద 3, 7.

#14 మేళకర్త72

స్వరాల సంగతి కూడా చేర్చనివ్వండి. ఈశాన్య బ్రెజిల్ పాటల్లో వినిపించే మెట్లు మనకు కొత్తవి కావు. ఒకటి, తీవ్ర గాంధారంతో, కోమల నిషాదంతో ఉండేది: మన 28వ మేళం హరికాంభోజి. రెండోది, దాంట్లోనే శుద్ధ మధ్యమం తీసి ప్రతి మధ్యమం పెట్టినది. బ్రెజిల్‌లో దాన్నే ఈశాన్య మెట్టు అంటారు. మనకు అది 64వ మేళం, వాచస్పతి. మూడోది కూడా తరచుగా వస్తుంది, అది ఖరహరప్రియ మెట్టు.

సి శ్రుతిలో వాచస్పతి మెట్టు గిటార్ మీద: సి, డి, ఇ, ఎఫ్ షార్ప్, జి, ఎ, బి ఫ్లాట్. కార్డుగా సి7 పట్టుకుని మీద ఈ స్వరాలు తిప్పండి.

మనవాళ్లు తప్పు చేసే చోటు గమకం. వాచస్పతి అనగానే చెయ్యి ఊగుతుంది. అకార్డియన్ బటన్లు, మీటల వాయిద్యం, దాంట్లో స్వరం నిలువుగా నిలబడుతుంది. గాంధారం, మధ్యమం, నిషాదం మూడింటినీ కదపకుండా పట్టుకోండి. లేకపోతే కచేరీ ముక్కలా వినిపిస్తుంది, సెర్తావ్ (ఈశాన్య బ్రెజిల్ లోపలి మెట్ట ప్రాంతం) వాసన పోతుంది. ఇంకోటి, అక్కడ ఇద్దరు జంటగా, ఒకరి స్వరానికి ఇంకొకరు గాంధార దూరంలో పాడటం అలవాటు. వెనక గొంతు ఉంటే ఆ పని చేయించండి, వెంటనే రంగు వస్తుంది.

#15 కొత్త_చెవి

సైనిక ప్రభుత్వం ఆయన్ని అమెరికా తరిమేసిందని, అక్కడ జాన్ లెనన్‌ను కలిశాడని చదివాను. కార్యక్రమంలో పెట్టొచ్చా?

#16 సంగీత_రైలు

మొదటి సగం పెట్టండి, రెండో సగం వదిలేయండి.

1974లో రౌల్, కొయెలో 'సోసియెదాజి ఆల్టెర్నాచీవా' అనే ప్రత్యామ్నాయ సమాజం గురించి పాడుతూ, చిన్న కామిక్ పుస్తకం పంచుతూ తిరిగారు. ఇంగ్లీషు మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ రాతల ప్రభావం అందులో ఉంది. రాజకీయ పోలీసులకు అది కొత్త సంఘమేదో పుట్టినట్టు కనబడింది. ఇద్దరినీ పట్టుకున్నారు. కొయెలోను చిత్రహింసలు పెట్టారు. తర్వాత ఇద్దరూ అమెరికా వెళ్లిపోయారు. ఈలోగా 'గీతా' బ్రెజిల్‌లో విపరీతంగా అమ్ముడైంది. 6 లక్షల కాపీలు అని చెబుతారు, ఆయనకు తొలి గోల్డ్ డిస్క్ ఇదే. పాట అంత పెద్దదయ్యాక తిరిగి వచ్చారు.

లెనన్ సంగతి రౌల్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నదే తప్ప దాన్ని నిలబెట్టే ఆధారం బయటికి రాలేదు. ఆయన మీద అభిమానం ఉన్నవాళ్లే దీన్ని ఎక్కువగా ప్రచారం చేస్తారు. ఆయన గొప్పతనానికి లెనన్ సాక్ష్యం అక్కర్లేదు.

#17 తీగ_నాలుగు

1977 తర్వాత కథ కూడా రాయండి సార్. చాలా చోట్ల 'తర్వాత తాగుడుతో పాడైపోయాడు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.

#18 సంగీత_రైలు

ఆ ఒక్క ముక్క అన్యాయం. జబ్బు నిజమే. తాగుడు వల్ల 70ల చివరికే క్లోమగ్రంథి దెబ్బతింది, మధుమేహం తోడైంది. కచేరీలు రద్దు కావడం, కంపెనీలు నమ్మకపోవడం వరుసగా జరిగాయి. కంపెనీల జాబితా చూస్తేనే తెలుస్తుంది: 1977 నుంచి 79 వరకు డబ్ల్యూఈఏ, 1980లో సీబీఎస్, 1983లో ఎల్దొరాడో, 1984లో సోం లీవ్రి, 1987, 88లో కోపకబానా. ఒక్కో చోటా ఒకటి రెండు రికార్డులు, మళ్లీ కొత్త గుమ్మం. 1982లో సావ్ పావ్లో దగ్గర కయేరాస్‌లో తాగి వేదికెక్కితే, ఇతను రౌల్ కాదు, వేషగాడని జనం తిరగబడ్డారు. గుర్తింపు కాగితాలు లేకపోవడంతో పోలీసులు పట్టుకుపోయారు.

అయితే పాటలు ఆగలేదు. 1980లో దేశాన్ని అద్దెకిచ్చేద్దామనే 'అలూగా-సి' రాశాడు. విదేశీ అప్పుల బరువు మీద పడ్డ కాలం అది. 1983లో పిల్లల టీవీ కార్యక్రమానికి చేసిన 'కరింబదోర్ మలూకు'తో కొత్త తరం పిల్లల నోళ్లలో పడ్డాడు. 1987లో 'కౌబాయ్ ఫోరా ద లేయ్' టీవీ సీరియల్‌లో వినిపించి మళ్లీ రేడియో హిట్టయింది.

చివరి ఏడాది గురించి మార్సెలో నోవా పేరు తప్పక చెప్పాలి. సాల్వడార్‌లోనే పుట్టిన 'కమీజా జి వేనస్' బ్యాండు గాయకుడు. వేదికలకు దూరమైన రౌల్‌ను పక్కన నిలబెట్టుకుని 50 కచేరీలు చేశాడు. రౌల్ బలహీనంగా ఉన్న రోజుల్లో ఎక్కువ పాటలు నోవా లాగి, కొన్ని మాత్రమే ఆయనకు వదిలేవాడు. ఆ కచేరీల రికార్డింగుల్లో రౌల్ గొంతు బొంగురుగా ఉంటుంది, వాక్యం మధ్యలో ఊపిరి అందదు. 'ఓరు జి టోలు' గొంతు కోసం వెతికితే నిరాశే. 'ఆ పనేలా దు జియాబు' ఆల్బంలో మాత్రం స్టూడియోలో ఆ గొంతుకు తగినట్టుగానే పాటలు కట్టారు. 'కార్పింతేరు దు యూనివెర్సు' వినండి.

ఆ ఆల్బం 1989 ఆగస్టు 19న వచ్చింది. 21న సావ్ పావ్లోలోని ఇంట్లో రౌల్ చనిపోయాడు. వయసు 44. లూయీజ్ గొంజాగా అదే నెల 2న వెళ్లిపోయాడు. రౌల్‌ను సాల్వడార్‌లో ఖననం చేశారు.

#19 నల్లపళ్లెం

ఇప్పటికీ ఏటా ఆగస్టు 21న సావ్ పావ్లోలో అభిమానులు మునిసిపల్ థియేటర్ దగ్గర నుంచి సే చౌక్ వరకు పాడుకుంటూ నడుస్తారు. బ్రెజిల్‌లో ఏ బ్యాండు ఆడుతున్నా జనంలోంచి 'తోకా రౌల్!' అని కేక వస్తుంది, 'రౌల్ పాట వాయించు' అని. 2013 సెప్టెంబరులో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్రెజిల్ కచేరీల్లో 'సోసియెదాజి ఆల్టెర్నాచీవా' పోర్చుగీసులోనే పాడాడు. దృశ్యం కావాలంటే వాల్టర్ కర్వాల్యో తీసిన 2012 డాక్యుమెంటరీ ఉంది. దాని పేరు కూడా 'గీతా' చివరి పాదం నుంచి తీసుకున్నదే.

#20 తీగ_నాలుగు

ఆఖరి ప్రశ్న. 'గీతా'ను తెలుగులో రాసి పాడాలని ఉంది. మధ్యలో శ్లోకాలు పెడదామని. ఇబ్బంది ఉందా?

#21 హక్కుల_పేజీ

శ్లోకాలకు ఇబ్బంది లేదు, మీ సొంత బాణీలో పాడుకోండి. వేరేవాళ్ల రికార్డింగును మాత్రం మధ్యలో వినిపించకండి, దానికి హక్కు వేరు.

పాటకు హక్కులు ఉన్నాయి. మన చట్టంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు, బ్రెజిల్‌లో 70 ఏళ్లు. ఇద్దరు కలిసి రాసిన దానికి ఆఖరున పోయినవారి నుంచి లెక్క. ఈ పాట సహరచయిత కొయెలో జీవించే ఉన్నారు, కాబట్టి లెక్క ఇంకా మొదలవలేదు.

రెండు వేర్వేరు అనుమతులని గుర్తుపెట్టుకోండి. పోర్చుగీసు పాటను ఉన్నది ఉన్నట్టు వేదిక మీద పాడాలంటే కచేరీకి ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు కావాలి. చాలా హాళ్లు దాన్ని నిర్వాహకుల మీదే వదిలేస్తాయి, ముందే అడగండి. తెలుగులోకి మార్చి పాడితే అది అనువాదం, పై లైసెన్సులోకి రాదు. పాట ప్రచురణకర్త రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. కార్యక్రమం దగ్గర్లో ఉంటే ఆ దారి వద్దు.

#22 పదో_అధ్యాయం

అయితే ఇలా చేయండి. పాటను పోర్చుగీసులోనే పాడండి. ముందు మాటల భాగానికి బదులు తెలుగులో సందర్భం చెప్పి 10.18 చదవండి. పాట మధ్యలో ఆపవద్దు. వాద్యబృందం బలం పుంజుకునేది రెండో సగంలో, మధ్యలో శ్లోకం పెడితే ఆ ఎత్తు పోతుంది. చివరి పాదం అయ్యాక వాయిద్యాలు పూర్తిగా ఆగాక 10.32 మొదటి సగం ఒక్కటే చదవండి. 9.17, 10.33, 10.36 శ్లోకాలు అర్థంతో సహా కాగితం మీద అచ్చు వేసి ముందే పంచండి, ఎక్కడ ఏది వస్తుందో వినేవాళ్లే పట్టుకుంటారు.

#23 కాకినాడ_డ్రమ్స్

'గీతా'లో బయావ్ దరువు దూర్చకండి, అది ఆ పాట నడక కాదు. బయావ్ చూపించాలంటే 'లెట్ మి సింగ్' విడిగా పెట్టుకోండి, కార్యక్రమం మొదట్లోనే. ట్రయాంగిల్ దొరక్కపోతే హై-హ్యాట్‌తో (కాలితో మూసి తెరిచే జంట పళ్లేలు) సరిపోతుంది: 3, 7 తెరిచి, మిగతావి మూసి. స్నేర్ కూడా అక్కడే ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టకుండా అంచు మీద కర్ర ఆనించి కొట్టండి, లేకపోతే హై-హ్యాట్ తెరుచుకున్న శబ్దం వినబడదు.